చెప్పని గొర్రె

నమోదు 1
కోత నెల, 3వ రోజు

ప్రతి కోత కాలంలో గణకురాలు ఒక నమోదు పుస్తకం రాయాలని ఉన్ని మండలి నిబంధన. రాస్తున్నాను. పేరు శోభారాణి, గుండ్లగడ్డ కాటా కేంద్రం. పోయిన నాలుగేళ్ళ పుస్తకాలు ఎవరూ తెరిచిన జాడ లేదు, చదివినట్టు సంతకాలు మాత్రం ఉన్నాయి. ఇదీ ఎవరూ చదవరన్న ధీమాతోనే రాస్తున్నాను.

ఇవాళ పదకొండు మందలు వచ్చాయి. ఆకాశం మామూలు బూడిద రంగులోనే ఉంది. పైన పరదా కట్టి ముప్పై ఒకటో ఏడు. ఎండకు తాళలేక కట్టారు, ఇప్పుడు చలికి తాళలేకపోతున్నాం. చిన్నప్పుడు ఎండ ఎలా ఉండేదో నాకు కొంచెం గుర్తే గానీ, చెప్పమంటే చెప్పలేను.

పొద్దున ఏడింటికి టీకొట్టు గోడ మీద ప్రకటన వెలిగింది. తెల్ల గొర్రె, తెల్ల స్వెట్టరు వేసుకున్న పాప, 'ఉన్ని వేసుకో, వెచ్చగా ఉండు' అన్న పాట. ఉన్ని ప్రచార రుసుముతో తీసిన బొమ్మ అది. లెక్కలోకి వచ్చిన ప్రతి గొర్రె ఉన్నిలో పదో వంతు ఆ రుసుము కింద పోతుంది. నల్ల ఉన్నికీ అంతే, తెల్ల ఉన్నికీ అంతే. బొమ్మలో మాత్రం ఇప్పటిదాకా నల్ల గొర్రె కనపడలేదు.

అగవ్వత్త అయిదో వరసలో వచ్చింది. మా నాన్నకు చెల్లెలు. డెబ్బై దాటినా మంద వెనక నడక తగ్గలేదు. అన్నీ నల్లవే. గోడ వైపు చూసి, "మా ఉన్నితోని ఆ తెల్లదానికి ఫొటోలు దింపుతున్నరు. దానికి సిగ్గు లేకపాయె, నీకు గూడ లేకపాయె" అంది.

నవ్వాను. నవ్వడం ఈమధ్య మూతికి చెప్పి చేయించే పని అయింది.

చెవిపెట్టె ఆమె ముందు పెట్టి, నిబంధనలో ఉన్న మాటల్లోనే అడిగాను. "మీ మందలో జీవాలెన్ని? మీ నోటితో చెప్పండి."

"నలభై ఒకటి."

పెట్టె ఆమె గొంతు గుర్తుపట్టి పచ్చగా వెలిగింది. రాసుకున్నాను. లెక్కపెట్టే కెమెరాలు స్తంభం మీద ఉన్నాయి గానీ వాటికి గుడ్డ కట్టి ఉంచాం. ఒకప్పుడు అవి ఒక్కో గొర్రెపిల్లను రెండేసి సార్లు లెక్కపెట్టి రెట్టింపు రుసుము లాగాయి. జనం మందలతో సహా నలభై రోజులు రోడ్డు మీద కూర్చుని చట్టం తెచ్చుకున్నారు. పెంపకందారు నోటితో చెప్పిందే లెక్క. దాని మీదే రుసుము. అందులో మండలి కూడా వేలు పెట్టకూడదు.

నమోదు 2
6వ రోజు

పర్యవేక్షకుడు పరంజ్యోతి గారు వచ్చారు. మంచి మనిషి. చలికి ముక్కు కారుతూనే ఉంటుంది, రుమాలు మడత పెట్టి మరీ తుడుచుకుంటారు.

"శోభారాణి గారూ, నల్ల ఉన్ని మొత్తం వచ్చేసిందండీ. నూట అరవై మూడు మంది పెంపకందారులు, తొమ్మిది వేల ఎనిమిది వందల డెబ్బై ఒక్క జీవాలు" అన్నారు.

"అయితే?"

"పది వేలు ఉండాలి కదండీ. లేకపోతే నల్ల ఉన్ని వర్గం రద్దు."

నిబంధన నాకు తెలుసు. పది వేల జీవాలు లేని ఉన్నికి ప్రచారం చేయడం దండగని మండలి తీర్మానం. వర్గం రద్దయితే ఆ ఉన్నిని ఏ కాటా మీదా వేయనివ్వరు. మందలోని ఆడ గొర్రెలన్నింటికీ తెల్ల పిండాలు ఎక్కిస్తారు. రెండు ఈతలయ్యేసరికి మంద తెల్లబడుతుంది. తెల్ల ఉన్నికే గిరాకీ అని, నా ఇరవై ఆరు గొర్రెలకు నాలుగేళ్ళ కింద నేనే సంతకం పెట్టి ఎక్కించుకున్నాను. తెల్ల పిల్లలు పుట్టిన రోజు తల్లులు వాటిని వాసన చూసి పక్కకు జరిగాయి. నేను మందను అమ్మేసి ఈ ఉద్యోగంలో చేరాను. అప్పటి నుంచి దేనికీ పెద్దగా ఏమీ అనిపించదు. అనిపించాలని అనుకుంటాను, అంతవరకే.

"ముప్పయ్యో తేదీ వరకు గడువుందండీ. ఆరోజు ఉన్న లెక్క మూడేళ్ళకు ఖాయం. నూట ఇరవై తొమ్మిది తక్కువున్నాయి. ఎక్కడి నుంచి తెస్తాం చెప్పండి" అని రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

నమోదు 3
7వ రోజు

సాయంత్రం డ్యూటీ దిగాక అగవ్వత్త దొడ్డికి వెళ్ళాను. ఆమె పొయ్యి మీద జొన్న గటక కలుపుతోంది. విషయం చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతు కాటా మీద బరువు చదివినట్టే వచ్చింది.

గటక అడుగంటకుండా గంటెతో తిప్పింది. తర్వాత, "తెల్లయి ఎక్కిస్తే నేనుంటననుకుంటున్నవా?" అంది.

"ఏం చేస్తవత్తా?"

"ఏం చేస్త. దొడ్డి తలుపు తీసి నేను గూడ నడుస్త. యాడ పడితే ఆడనే."

బెదిరింపు కాదది. ఉన్న మాటే చెప్పింది. ఆమెకు పిల్లల్లేరు, మామ పోయి పదహారేళ్ళు. పొద్దున లేస్తే ఆ మందే ఆమెకు పని, మనుషులు, అన్నీ.

గొర్రెలు దొడ్డిలోకి వస్తున్నాయి. మెడకు గంట కట్టిన పెద్ద గొర్రె ముందు, మిగతావన్నీ దాని వెనక. వేరే పని లేక తలుపు దగ్గర నిలబడి మనసులోనే లెక్కపెట్టాను. నలభై రెండు.

మళ్ళీ చూశాను. నలభై రెండే.

అప్పుడు గుర్తొచ్చింది. నాకు ఏడేళ్ళప్పుడు ఇదే దొడ్డి దగ్గర మంద మొత్తం లెక్కపెట్టి, ఎన్నో గొంతెత్తి చెప్పాను. అగవ్వత్త చెంప పగలగొట్టింది. మంద మొత్తం ఎన్నో నోటితో అనకూడదు. ఒకటి తక్కువ చేసి చెప్పాలి. ఆ ఒకటి మా కులదేవుడు బీరప్పది. ఫలానా గొర్రె అని లేదు. మందలో ఎక్కడో ఉంటుంది. అన్నీ మనవే అని అంటే దిష్టి తగులుతుంది. మా కురుమ ఇళ్ళల్లో నడక రాకముందే నేర్పే మాట ఇది. నాలుగేళ్ళుగా కాటా దగ్గర కూర్చుని, ప్రతి మంద లెక్కా విని, రాసుకుని, ఈ సంగతే మర్చిపోయాను చూడు.

మిగతా వాళ్ళూ మా వాళ్ళే. నూట అరవై మూడు మందలు, నూట అరవై మూడు చెప్పని గొర్రెలు. పుస్తకంలో లేవు గానీ దొడ్లలో ఉన్నాయి. కలిపితే పది వేల ముప్పై నాలుగు.

"అత్తా, నీవి నలభై రెండున్నయి" అన్నాను.

గటక గంటె ఆగింది. నా చెంప వైపే చూసింది, కొట్టలేదు.

"నేను చెప్పిన లెక్క నలభై ఒకటి. గంతే."

నమోదు 4
8వ రోజు

పరంజ్యోతి గారిని అడిగాను. ముప్పయ్యో తేదీలోగా పెంపకందారు తన లెక్క పెంచి చెప్పుకోవచ్చునట. మళ్ళీ తన నోటితోనే. దాన్ని సవరణ అంటారు.

"ముందు ఎందుకు తగ్గించి చెప్పారండీ వీళ్ళు?" అన్నారు.

"అలవాటు" అన్నాను. అంతకు మించి చెబితే ఆయన రాసుకుంటారు, రాసుకుంటే పైకి పంపుతారు.

నా బల్ల సొరుగులో ఉన్న నిబంధనల పుస్తకం తీసి పంతొమ్మిదో నిబంధన చదువుకున్నాను. సవరణలో పెరిగిన జీవానికి పాత ఉన్ని రుసుము వసూలు చేస్తారు. ఒక్క గొర్రె ఉన్ని ఎంతని. పదిలో ఒక వంతు. పోతే పోయింది.

నమోదు 5
13వ రోజు

అయిదు రోజుల్లో నలభై నాలుగు దొడ్లు తిరిగాను. ముప్పై ఏడు మంది చెప్పారు, ఏడుగురు తలుపు తీయలేదు.

పెద్ద ఓదెలు దగ్గర కష్టమైంది. ఆనాడు రోడ్డు మీద నలభై రోజులు కూర్చోబెట్టింది ఆయనే.

"మిషను లెక్కొద్దు, మా నోటి లెక్కనే కావాలని కొట్లాడినం. గెలిచినం. ఇప్పుడు ఆ నోట్లకెళ్ళి దేవుని గొర్రెను గుంజుతా అంటున్నవ్. నువ్వు మా బిడ్డవా, మండలి మనిషివా?"

"రెండూ కాదు మామా. చెప్తే నల్లయి ఉంటయి, చెప్పకుంటే పోతయి. నాకు తెలిసింది గంతే."

"ఏం కట్ చేస్తరు?"

"ఒక్కదాని ఉన్ని. మిగతాదేం లేదు."

ఆయన మందను వాగు అవతలికి తోలించాడు, వాటి చెవిన పడకుండా. తర్వాత గొంగడి నిండా కప్పుకుని చెవిపెట్టెను లోపలికి లాక్కున్నాడు. గొంగడి రెండు మూడు సార్లు కదిలింది. చివరికి పెట్టె పచ్చగా వెలిగింది. బయటికి వచ్చాక ఆయన మొహం చూస్తే నాకు జాలి కలగాల్సింది. పెట్టె తుడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఓదెలు చెప్పాడని తెలిశాక మిగతా వాళ్ళు తేలిగ్గా ఒప్పుకున్నారు. అందరూ గొంగడి కిందే చెబుతున్నారు.

నమోదు 6
21వ రోజు

నూట పన్నెండు మంది అయ్యారు. పరంజ్యోతి గారు లెక్క చూసి సంబరపడ్డారు.

"బండ్లు ఎన్ని కావాలో ఇప్పుడే చెప్పేయాలండీ పైకి" అన్నారు.

"బండ్లెందుకు?"

"జీవాల్ని తీసుకెళ్ళడానికి."

నాకు అర్థం కాలేదు. ఆయన తన దగ్గరున్న పుస్తకం తెరిచి పంతొమ్మిదో నిబంధన చూపించారు. ఏనాడూ రుసుము కట్టని జీవం పెంపకందారుది కాదు, ప్రచార నిధిది. సవరణ చెప్పిన ప్రతి మంద నుంచి ఒక జీవాన్ని తీసుకుంటారు.

"నా పుస్తకంలో ఉన్ని అని ఉందండీ. వాళ్ళకు ఉన్ని అనే చెప్పాను."

"మీది ఏ ఏడాది పుస్తకం?"

తీసి చూపించాను. ముందటేడుది.

"నిరుడు మార్చారు కదమ్మా" అని ఆయన చాలా మెల్లగా అన్నారు. నాకు టీ తెప్పించారు. "ఒకసారి చెప్పిన సవరణ వెనక్కి తీసుకోవడానికి లేదు. నోటి లెక్క కదండీ. అయితే లెక్క తీసేది ముప్పైన, బండ్లు వచ్చేది తర్వాత. పది వేలు దాటితే వర్గం నిలుస్తుంది. దాటకపోతే..."

దాటకపోతే నూట పన్నెండు మందికి గొర్రె పోతుంది, వర్గమూ పోతుంది.

ఇంకా పదిహేడు మంది కావాలి. టీ తాగాను. వేడిగా ఉందో లేదో గుర్తులేదు.

నమోదు 7
28వ రోజు

పదహారు మంది చెప్పారు. వాళ్ళెవరికీ బండ్ల సంగతి చెప్పలేదు. చెబుదామని ప్రతి దొడ్డి దగ్గరా అనుకున్నాను. "ఏం కట్ చేస్తరు?" అని అడిగారు. "ఉన్ని" అన్నాను. మొదటివాళ్ళకు తెలియక చెప్పాను, ఈ పదహారు మందికి తెలిసే చెప్పాను. నాకు సిగ్గుగా ఉంది. ఈ నాలుగేళ్ళలో నాకు గట్టిగా అనిపించింది ఇదొక్కటే. ఇదే ఎందుకు మిగిలిందో తెలియదు.

నూట ఇరవై ఎనిమిది. ఒకటి తక్కువ. మిగిలిన వాళ్ళు ముప్పై అయిదు మంది. అందులో ముప్పై నాలుగు మంది నన్ను దొడ్డి దరిదాపుల్లోకి రానివ్వడం లేదు.

నమోదు 8
29వ రోజు

అగవ్వత్తకు అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. పాత పుస్తకం, కొత్త పుస్తకం, బండ్లు, ఆ పదహారు మంది, అంతా.

ఆమె గొర్రెల డెక్కలు చెక్కుతోంది. చేతిలో ఉన్న కాలు పూర్తిచేసి వదిలింది.

"నేను చెప్పకుంటే?"

"పది వేలకు ఒకటి తక్కువైతది. నల్లయి అన్నీ పోతయి. చెప్పినోళ్ళ గొర్లు ఉత్తగనే పోతయి."

"చెప్తే?"

"నీదొకటి పోతది. నల్లయి ఉంటయి, మూడేండ్లు."

"ఓదెలు గూడ చెప్పిండా?"

"చెప్పిండు."

"ఉన్నే పోతదనుకుని చెప్పిండా, గొర్రె పోతదని తెలిసి చెప్పిండా?"

"ఉన్నే అనుకున్నడు."

కత్తిని గుడ్డతో తుడుచుకుంది. "నీ మామ పోయిన ఏడు నేను గొర్లను ఎంచి చెప్పిన, బ్యాంకోనికి. ఒక్కటి గూడ తగ్గియ్యకుంట. దానికే పోయిండని నేననను. డాక్టరు గుండె అన్నడు. కానీ నేనైతే మల్ల ఎన్నడు చెప్పలే."

నాకు ఆ విషయం తెలియదు. వద్దులే అత్తా అనాలనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

"ఇంతమంది నోళ్ళు ఉత్తగ పోవద్దు. పెట్టె ఇటియ్యి" అంది.

గొంగడి కప్పుకుంది. చిన్న దగ్గు వినపడింది, తర్వాత నలభై రెండు అన్న మాట. పచ్చ వెలుగు గొంగడి నేతలోంచి సన్నగా కనపడింది.

నమోదు 9
30వ రోజు

మొత్తం: పది వేలు. సరిగ్గా.

పరంజ్యోతి గారు ధ్రువపత్రం పంపారు. నల్ల ఉన్ని వర్గం మూడేళ్ళకు ఖాయం. కాటా దగ్గర కొందరు బెల్లం పంచారు. నా చేతిలోనూ ఒక ముక్క పెట్టారు. బండ్ల సంగతి ఇవాళే చెప్పాలనుకున్నాను గానీ, వాళ్ళు బెల్లం తింటున్నారు.

నమోదు 10
దున్నే నెల, 4వ రోజు

బండ్లు వచ్చాయి. నాలుగు రోజులు వాటి వెంటే తిరిగాను, ఎవరి నోటితో చెప్పించానో వాళ్ళందరి దొడ్లకూ. నిబంధన ప్రకారం పెంపకందారే 'ఇదీ' అని చూపించాలి. చూపించమంటే ముందు ఎవరికీ అర్థం కాలేదు. చెప్పని గొర్రె ఏదని అడిగితే ఏం చూపిస్తారు, అది ఏదీ కాదు కదా. ఓదెలు పళ్ళు రాలిన ముసలి గొర్రెను ఇచ్చాడు. నా వైపు చూడలేదు. కొందరు తిట్టారు. ఒకామె నా మీద దుమ్మెత్తి పోసింది, నిజంగానే, రెండు చేతులతో. మిగతా వాళ్ళు కుంటివి, ఒంటికన్నువి, పాలు ఎండినవి ఇచ్చారు. బండి మనిషికి ఏదైనా ఒకటే. వాటిని అమ్మిన డబ్బుతో ఈ ఏడు మొదటిసారి నల్ల ఉన్నికి కూడా బొమ్మ తీస్తారట. నల్ల గొర్రెలు దీపాల ముందు కుదురుగా నిలబడవని, ఒక తెల్ల గొర్రెకే నల్లరంగు వేశారని పరంజ్యోతి గారు చెప్పారు. ఆయన కూడా ఆ మాట నేల వైపు చూసే అన్నారు.

ఆఖరుకు అగవ్వత్త దొడ్డి.

"ఏదమ్మా?" అని బండి మనిషి అడిగాడు.

ఆమె మందలోకి నడిచింది. మూలన బక్కచిక్కిన ముసలి గొర్రె ఒకటి ఉంది. దాన్నే తెస్తుందనుకున్నాను. దాన్ని దాటిపోయి, ముందు నడిచే గంట గొర్రె మెడ పట్టుకుంది. గంట విప్పి కొంగున కట్టుకుని, గొర్రెను బండి దగ్గరికి తెచ్చింది.

"అత్తా, అది వద్దు. ముసలిదాన్నియ్యి. వాళ్ళకు ఏదైనా ఒకటే."

"వాళ్ళకు ఒకటే. నాకు కాదు. ఇన్నేండ్లు దేవునిదని దాసిన. దేవునిదని చెప్పి సావబోయేది ఇస్తరా ఎవరన్న?"

బండి మనిషి దాన్ని ఎక్కించుకున్నాడు. అది అరవలేదు. మందే అరిచింది.

ఇంకో పని మిగిలింది. జీవాన్ని అప్పగించాక, మిగిలిన లెక్క పెంపకందారు నోటితోనే చెప్పించాలి. చెవిపెట్టె ముందు పెట్టాను.

"మీ మందలో జీవాలెన్ని? మీ నోటితో చెప్పండి."

ఒకటి దాచి నలభై అంటుందని ఎదురుచూశాను. అంటే అలాగే రాసుకుని, మళ్ళీ ఏనాడూ ఆ దొడ్డి తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టేదాన్ని కాదు. అనమని కళ్ళతో అడిగాను కూడా. నా కళ్ళల్లో ఏముందో ఆమెకు తెలియకుండా పోదు.

ఆమె గొంగడి కప్పుకోలేదు. మందను దూరం తోలలేదు. వాటి వైపే చూస్తూ, అందరికీ వినపడేలా, "నలభై ఒకటి" అంది.

"అన్నీ చెప్పినవా అత్తా?"

"అన్నీ చెప్పిన. రాసుకో."

రాశాను. రాస్తుంటే కళ్ళలోంచి నీళ్ళు కారి అంకెల మీద పడ్డాయి. ఏడుస్తున్నానని తెలుసుకోవడానికి కాసేపు పట్టింది. తెలిశాక ఆపడం చేతకాలేదు. నా నల్ల గొర్రెలు పోయినప్పటిది, ఆ పదహారు మందిది, అంతా ఒక్కసారే వచ్చింది. పక్కన బండి మనిషి ఉన్నాడని కూడా చూసుకోలేదు.

అగవ్వత్త నా చేతిలోంచి కలం తీసి సంచిలో పెట్టింది.

"ఎందుకేడుస్తవ్ బిడ్డా? నల్లయి బతికినయి గద" అంది.

బతికాయి. మూడేళ్ళు.